ఆరు వారాల విశ్రాంతి

మే 16, శనివారం

మళ్ళీ రాయడం మొదలుపెడుతున్నాను. ఇంట్లో ఏం చెప్పుకున్నా దేవదాసు "ప్రార్థన చేసుకో మార్తా" అంటాడు. బళ్ళో లెక్కలు చెప్పి, చర్చిలో పాటలు పాడి, మిగతా టైమంతా శాంతంగా ఉండే మనిషిని కట్టుకుంటే చిరాకంతా కాగితం మీదే కక్కుకోవాలి.

మూడు వారాలుగా ఈ శిక్షణ శిబిరంలో పద్నాలుగుమంది ఆడపిల్లల మోకాళ్ళు, భుజాలు, చీలమండలు నా చేతుల్లో ఉన్నాయి. భారత మహిళల వాలీబాల్ జట్టుకు ఫిజియోథెరపిస్టునని చెబితే మహదేవపురలో మా వీధివాళ్ళు గౌరవంగా చూస్తారు. వాళ్ళకేం తెలుసు. చెమటకు తడిసిన మోకాలి ప్యాడ్ల కంపు, నొప్పి స్ప్రే ఘాటు, ఈ హోటల్ సాంబారులో బెల్లం వాసన, మూడూ కలిసి నా ముక్కులో కాపురం పెట్టాయి. ఎంత కడిగినా పోవడం లేదు.

ఇవాళ వాలీబాల్ సంఘం పెద్దమనుషులు వచ్చారు. పూలగుత్తులు, ఫొటోలు. ఎనిమిది దేశాల జట్లు వస్తున్నాయట, గెలిచిన ఒక్క జట్టే ఆసియా పోటీలకు వెళుతుందట, మనం గెలవాలట. ఈ సంగతి పిల్లలకు తెలియనట్టు అరగంట చెప్పారు. ఒకాయన వరసలో నిలబడ్డ వాళ్ళని సంతలో గేదెల్ని చూసినట్టు కాళ్ళ దగ్గర్నుంచి పైకి చూసుకుంటూ వచ్చి, ఓబులమ్మ దగ్గర ఆగి, "ఈ అమ్మాయి పొట్టిగా ఉందే" అన్నాడు. ఆయన ఆ పిల్ల భుజం దాకా వస్తాడు.

ఓబులమ్మది ఆనేకల్. నేతపనివాళ్ళ ఇంటి పిల్ల, ఇరవై ఏళ్ళు. ఎడమవైపు నుంచి ఎగిరి కొడితే అవతల బ్లాక్ చేసేవాళ్ళ చేతులు విడిపోతాయి. మార్చిలో ఎడమ చీలమండ బెణికితే మా క్లినిక్‌కే వచ్చింది. ఆరు వారాలు దగ్గరుండి నిలబెట్టాను. మొన్న ఒంటికాలి మీద పదిసార్లు దూకించి చూశాను. కుడికాలికీ ఎడమకాలికీ తేడా లేదు. ఆ పిల్లకు ఇదే మొదటి అంతర్జాతీయ టోర్నీ. "మీరు సరే అంటే సరే అక్కా, నా కాలు నాకంటే మీకే బాగా తెలుసు" అంటుంది.

జట్టు జాబితా ఇవాళ నిర్వాహకులకు ఇచ్చేశారు. ఇక మార్చడానికి లేదు. ఎవరైనా గాయపడితే మాత్రం, మొదటి మ్యాచ్ ముందురోజు సాయంత్రంలోపు వైద్య పత్రం పెట్టి ఒకరి బదులు ఇంకొకరిని తీసుకోవచ్చు. ఆ పత్రం రాసేది నేను, నా సంతకం పక్కన సంతకం పెట్టేది జట్టు డాక్టర్ హేమంత్‌కుమార్. ఆయన ఈ మూడు వారాల్లో రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ భోజనాల వేళకే వచ్చాడు.

మే 17, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. సాంబారు ఇవాళ ఇంకా తియ్యగా ఉంది.

మే 18, సోమవారం

హరిణికి సెలవు మంజూరైందట. ఆమె పనిచేసే ఆఫీసువాళ్ళు నెలరోజులుగా ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తోసుకుంటూ కూర్చుని, జాబితా ఇచ్చేసిన రెండోరోజు సంతకం పెట్టారు. ఆరడుగుల ఒక అంగుళం మనిషి. దేశంలో అంతకంటే గట్టిగా కొట్టే పిల్ల లేదు. రెండేళ్ళుగా జట్టు ఆమె మీదే నడిచింది. ఒక గుమాస్తా కాఫీకి వెళ్ళి ఆలస్యంగా వచ్చినందుకు ఆమె లేకుండా ఆడాలి.

మధ్యాహ్నం కోచ్ నరసింహప్ప నా గదికి వచ్చాడు. బెంగళూరులో మూడు తరాల నుంచి ఉన్న తెలుగువాళ్ళు ఆయనవాళ్ళు. మంచిమనిషే. పిల్లల మీద చెయ్యి వెయ్యడు, చెడ్డమాట అనడు. వచ్చి, టేపు చుట్టలు సర్దుతున్న నన్ను కాసేపు చూశాడు.

"ఓబులమ్మ కాలెట్లుండాది మార్తమ్మా?" అన్నాడు.

"బాగుంది సార్. మొన్న చెప్పాను కదా."

"పూర్తిగా బాగుండాదా?"

"పూర్తిగా."

"పాత దెబ్బ కదమ్మా. నెట్ కాడ ఎగిరి పక్కపిల్ల కాలిమీద పడిందనుకో. అప్పుడేం చేస్తాం? అట్లాంటిది ముందే కనిపెట్టేదే కదా నీ పని."

నాకు అప్పటికే అర్థమైంది. అర్థం కానట్టు టేపు చుట్టలు మళ్ళీ లెక్కపెట్టాను.

"నేనేమన్నా నా కూతుర్ని ఇరికిస్తాండానా?" అన్నాడాయన. "డబ్బు తింటాండానా? హరిణి ఉంటే గెలుస్తాం, లేకుంటే ఓడతాం. పద్నాలుగుమంది పిల్లలు ఇన్నాళ్ళు పడిన కష్టముండాది. ఓబులమ్మకు ఇరవై ఏండ్లే, ఇంకా పదేండ్లు ఆడతాది. నువ్వే చెప్పు."

"ఆ పిల్లకు ఏమని చెబుతారు?"

"నేను చెప్తే ఏడుస్తాది, మేనేజరు చెప్తే గలాటా అవుతాది. నువ్వు చెప్తే నమ్ముతాది."

ఆయన పోయాక గది కిటికీ తెరిచాను. కిందనుంచి పోపు వాసన వచ్చింది. మళ్ళీ మూసేశాను. నేను ఒప్పుకోలేదు. ఆలోచిస్తానన్నాను, అంతే.

మే 19, మంగళవారం

వరసగా రాస్తాను, తర్వాత గజిబిజి కాకుండా.

పొద్దున ప్రాక్టీసు అయ్యాక ఓబులమ్మని పిలిచాను. నవ్వుతూ వచ్చింది. బల్ల మీద కూర్చుని తనే సాక్సు విప్పింది. చీలమండ బయటి ఎముకకు కొంచెం ముందు, కిందుగా ఒక గుంట ఉంటుంది. అక్కడ బొటనవేలితో లోతుగా నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది. కాలేజీలో మొదటి ఏడాదే నేర్పుతారు ఇది, పొరపాటున రోగం అనుకోకూడదని. అక్కడ నొక్కాను.

"నొప్పిగా ఉందా?"

"హా, ఉండాదక్కా."

"ఎక్కువగానా?"

"నొక్కితే ఉండాది. ఆడేటప్పుడు లేదే."

"ఆడేటప్పుడు ఒళ్ళు వేడిమీద ఉంటుంది, తెలియదు" అన్నాను. ఇది పచ్చి అబద్ధం కాదు, కొన్నిసార్లు అలాగే జరుగుతుంది. ఇంకోసారి నొక్కాను. ఈసారి కాలు వెనక్కి లాక్కుంది. మొహంలో నవ్వు పోయింది.

"మళ్ళీ వచ్చిందా అక్కా?"

నేను అవునని చెప్పలేదు. "కొంచెం వాపు కనిపిస్తోంది" అన్నాను. తను వంగి చూసుకుంది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. "అవునక్కా, స్వల్ప ఉబ్బినట్టే ఉండాది" అంది.

లేదు. ఉబ్బలేదు. కానీ నేను చెప్పగానే ఆ పిల్లకు కనిపించింది.

ఇప్పుడు ఆడితే లోపలి నరం తెగే ప్రమాదం ఉందనీ, ఆరు వారాలు విశ్రాంతి తీసుకుంటే జీవితమంతా ఆడుకోవచ్చనీ చెప్పాను. ఎక్కడా తడబడలేదు. పద్దెనిమిదేళ్ళుగా రోగులతో మాట్లాడుతున్న నోరు, దాని పని అది చేసుకుపోయింది. ఓబులమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తువ్వాలు మొహం మీద వేసుకుని కాసేపు కూర్చుంది.

"మా అమ్మ శనివారం సూడనీకి వస్తానని చీర తీసిపెట్టుకునుండాది" అంది తువ్వాలు లోపల్నుంచి. తర్వాత తువ్వాలు తీసి, "ముందే కనిపెట్టినారు. లేకుంటే కోర్టులో పడిపోయి ఇంగేమయ్యేదో. మీకు రుణపడుంటానక్కా" అంది.

నాకు ఆ క్షణాన ఆ పిల్ల మీద కోపం వచ్చింది. ఒక్క ప్రశ్న అడగొచ్చు కదా. స్కాన్ తీయిద్దామనొచ్చు, ఇంకో డాక్టరుకు చూపిద్దామనొచ్చు. ఏమీ అడక్కుండా నమ్మేసేవాళ్ళని చూస్తే వెగటు పుడుతుంది.

పత్రం రాశాను. "పాత గాయం తిరగబెట్టినది. ఆరు వారాల విశ్రాంతి అవసరము." హేమంత్‌కుమార్ వచ్చి కాలు చూడకుండానే సంతకం పెట్టి, "మీరు చూశారుగా" అన్నాడు. నిర్వాహకుల తరఫు మనిషి ముద్ర వేసి, ఓబులమ్మ పేరు కొట్టేసి, హరిణి పేరు రాశాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

అదే రోజు, మళ్ళీ

వాపు ఉంది. కొంచెం ఉంది. నేను చూశాను.

మే 20, బుధవారం

మొదటి మ్యాచ్ గెలిచాం. మూడు సెట్లూ మనవే. హరిణి పద్దెనిమిది పాయింట్లు కొట్టింది. కొద్దిగా వాపు ఉన్నమాట నిజమే.

మే 21, గురువారం

ఓబులమ్మ కుంటుతోంది.

పొద్దున మెట్ల దగ్గర చూశాను. రెయిలింగ్ పట్టుకుని, ఎడమకాలు ముందు వేసి, కుడికాలు దాని పక్కకు తెచ్చి, ఒక్కో మెట్టూ దిగుతోంది. మూడు రోజుల క్రితం ఈ మెట్లే రెండేసి దూకుతూ దిగింది. కుడి తుంటి మీద బరువు వేసి నడవడం వల్ల నడుం కూడా పట్టేసిందట. ఐస్ పెట్టమని నా దగ్గరికి వచ్చింది. నేను పెట్టాను. బాగున్న కాలికి ఇరవై నిమిషాలు ఐస్ పెట్టి, వాచీ చూస్తూ పక్కన కూర్చున్నాను.

"నిన్న రాత్రంతా ఒకటే సలుపక్కా" అంది.

"ఎక్కడ?"

నేను నొక్కిన చోటే చూపించింది.

హోటల్లోనే ఉండి జట్టుకు నీళ్ళ సీసాలు అందిస్తానని మేనేజరుని అడిగి ఒప్పించుకుందట. "రూములో ఊరికే సుమ్నె కూర్చుంటే బేజారక్కా" అంది. వెళ్ళబోతూ సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. వాళ్ళమ్మ బాలమ్మ పంపిందట, మామిడికాయ చిత్రాన్నం. "మా బిడ్డ కాలు కాపాడిన అక్కకు" అని చెప్పి పంపిందట.

మూత తీశాను. పల్లీలు, ఇంగువ, పచ్చిమిరపకాయలు. బాగా చేసే ఉంటుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వాష్‌బేసిన్‌లో ఉమ్మేశాను. మిగతాది ఏం చేశానో ఇక్కడ రాయను. డబ్బా మాత్రం కడిగి ఇచ్చాను, చాలా బాగుందని చెప్పి.

మే 22, శుక్రవారం

మ్యాచ్ సాయంత్రం. పొద్దున క్లినిక్‌కి వెళ్ళాను. ఇన్ని రోజులు తాళం వేసి ఉంచితే రోగులు వేరే దారి చూసుకుంటారు.

ఓంకార్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు, ఇక్కడ ఇల్లు. రోజూ అంత దూరం పోలేక నడుంనొప్పి అని ఒక ఉత్తరం కావాలన్నాడు. "మేడం, జస్ట్ సిక్స్ వీక్స్ వర్క్ ఫ్రమ్ హోమ్ అని రాసివ్వండి చాలు, హెచ్ఆర్ వాళ్ళు వెరిఫై కూడా చెయ్యరు." నడుం చూశాను. గుర్రంలా ఉన్నాడు.

తిట్టాను. మామూలుగా కాదు. నా సంతకమంటే ఏమనుకున్నావు, చదువుకున్నవాడివి కాదా, నిజంగా నడుం విరిగినవాడికి రేపు ఎవరు నమ్మి సెలవిస్తారు అని బయట కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించేలా తిట్టాను. పాపం, సారీ మేడం, సారీ మేడం అంటూ వెళ్ళిపోయాడు. బయట కూర్చున్న ముసలాయన "ఈ కాలంలో మీలాంటివాళ్ళు ఉండబట్టే" అన్నాడు.

లోపలికెళ్ళి చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు.

సాయంత్రం మ్యాచ్ కూడా గెలిచాం.

మే 23, శనివారం

సెమీఫైనల్. గెలిచాం. ఐదు సెట్లు పట్టింది. చివరి సెట్లో హరిణి లేకపోతే ఓడేవాళ్ళం, ఇది ఎవరైనా ఒప్పుకోవాలి. నరసింహప్ప చెప్పింది నిజమైంది. నిజమైతే నాకు తేలిగ్గా ఉండాలి కదా.

హరిణి మంచిపిల్ల కావడం ఇంకో చికాకు. చెడ్డదైతే బాగుండేది. నెల్లూరు పిల్ల, మాట నెమ్మది. భుజానికి మర్దన చేస్తుంటే అడిగింది.

"ఓబులమ్మది పెద్ద దెబ్బా అక్కా? నేనొచ్చి ఆ పిల్ల చోటు తీసుకున్నట్టుంది నాకు."

"దెబ్బ దెబ్బే. నీకూ దానికీ సంబంధం లేదు. బోర్లా పడుకో."

"నిజంగా దెబ్బేనా?"

"నువ్వు డాక్టరువా?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. హరిణి బోర్లా తిరిగి పడుకుంది.

బాలమ్మ మ్యాచ్ చూడటానికి వచ్చింది. తీసిపెట్టుకున్న చీరే కట్టుకుని వచ్చింది. కూతురు సైడులైన్ దగ్గర కుంటుతూ సీసాలు మోస్తుంటే, పక్కవాళ్ళకు వేలు పెట్టి చూపించి మరీ తన బిడ్డేనని చెప్పుకుంటోంది. నేను ఇటువైపు తిరిగి టేపు కత్తిరించుకుంటూ నిలబడ్డాను. కత్తిరించాల్సిన టేపేమీ లేదు.

మే 24, ఆదివారం

పెంతెకొస్తు పండగ. దేవదాసు కొత్త పాట ఒంటరిగా పాడతాడట, ఒక్క గంట వచ్చి వినమన్నాడు. ఫైనల్ ఉంది కదా అన్నాను. ఫైనల్ సాయంత్రం. ఆయనకు తెలుసు.

గెలిచాం. అర్హత సాధించాం. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. ఓబులమ్మ కుంటుకుంటూ వచ్చి నన్ను కౌగిలించుకుంది. "మనం పోతాండామక్కా, ఆసియాకు." ఆరు వారాలు అయ్యేసరికి ఆ టోర్నీకి తను సిద్ధమవుతుందని లెక్క వేసుకుంది. హరిణి ఉండగా ఈ పిల్లని ఎవరు తీసుకెళతారు.

మే 25, సోమవారం

సన్మానం. మళ్ళీ అవే మొహాలు. పిల్లల్ని నిలబెట్టి, వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. గంటన్నర ఉపన్యాసాలు. ఆడినవాళ్ళ పేర్లలో మూడు తప్పు పలికారు. బిర్యానీ దగ్గర మాత్రం తప్పులు లేవు.

నన్ను కూడా వేదిక మీదికి పిలిచారు. "సరైన సమయంలో గాయాన్ని గుర్తించి, ఒక క్రీడాకారిణి భవిష్యత్తును కాపాడి, జట్టును గెలిపించిన మన ఫిజియో మార్త గారు" అన్నాడు ఒకాయన మైకులో. శాలువా కప్పారు. చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఓబులమ్మే. నిలబడి కొట్టింది, ఒంటికాలి మీద బరువు వేసి.

నరసింహప్ప పక్కకు వచ్చి "నీ మేలు మర్చిపోలేనమ్మా" అన్నాడు. ఆయన నోట్లోంచి ఉల్లిపాయ వాసన. నాకు వాంతి వచ్చింది. నిజంగానే వచ్చింది. బాత్రూములో ఆ శాలువా అంచుతోనే మూతి తుడుచుకున్నాను. నాకు వాళ్ళమీద అసహ్యమని ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చాను. వెనక్కి తిప్పి చదువుకున్నాను ఇందాక. సాంబారు, గేదెల సంత, గుమాస్తా, ఓంకారు, ఉల్లిపాయ. నేను తప్ప అందరూ ఉన్నారు.

వాపు లేదు. ఎప్పుడూ లేదు.

మే 26, మంగళవారం

ఓబులమ్మ ఇంటికి చేరి ఫోన్ చేసింది. కాలు ఎలా ఉందని అడిగితే, బస్సు దిగి ఇంటిదాకా నడవలేకపోయిందట, ఆటోలో వెళ్ళిందట. ఇక పెట్టేస్తానంటూ ఇంకో మాట అంది.

"అక్కా, ఆ ఉద్యోగం ట్రయల్స్ ముప్పైయో తారీఖు కదా. నేను రానని రాసిపంపించేసినా."

క్రీడా కోటాలో ప్రభుత్వోద్యోగం. రెండు పోస్టులు. రెండేళ్ళుగా దానికోసమే చూస్తోంది. ఇంట్లో మగ్గాల పని సగం పడిపోయింది, వాళ్ళ నాన్నకు చూపు తగ్గింది, ఈ పిల్ల ఉద్యోగమే ఆధారం. నాకు అన్నీ తెలుసు. మార్చిలో కాలు తిప్పించుకుంటూ రోజూ చెప్పేది.

"ఎప్పుడు పంపావు?"

"పోయిన గురువారమే. మీరు రాసిచ్చిన కాగితం ఫొటో తీసి పెట్టినా. దూకేది, ఎగిరేది అంతా ఉంటాది కదా అక్కా ట్రయల్స్‌లో. ఆరు వారాలు అని మీరు చెప్పినారు. దుడుకు చేసి కాలు పోగొట్టుకుంటే మీరు పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టు కదా."

"నన్ను అడగొచ్చు కదా."

"మీరు టోర్నీ బిజీలో ఉండారని." తర్వాత తనే, "మళ్ళీ వస్తాదిలే అక్కా నోటిఫికేషన్. మూడేండ్లకో నాలుగేండ్లకో" అంది.

మే 27, బుధవారం

ఆ ఆఫీసుకు ఫోన్ చేశాను. నా పేరు చెప్పకుండా, ఒక అమ్మాయి గురించి అని అడిగాను. గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. రేపు సాయంత్రం ఆఫీసు మూసేలోపు రానన్న ఉత్తరాన్ని వెనక్కి తీసుకోవచ్చట. దానితో పాటు ఆడటానికి పనికొస్తుందని ఫిట్‌నెస్ పత్రం కావాలట. ఇంకో డాక్టరు ఇవ్వొచ్చా అని అడిగాను. "ఆరు వారాలు పనికిరాదని ఎవరు రాశారో వాళ్ళే రాయాలండి. లేకపోతే ఎవరిది నమ్మాలి మేము? రెండు కాగితాలూ ఫైల్లో ఉంటాయి."

రెండు కాగితాలూ ఫైల్లో ఉంటాయి. తేదీల మధ్య తొమ్మిది రోజులు. రెండింటి మీదా నా పేరు. పక్కపక్కన పెడితే బళ్ళో పిల్లాడికి కూడా ఒకటి అబద్ధమని తెలుస్తుంది. ఏది అబద్ధమో తెలిస్తే నా రిజిస్ట్రేషన్ పోతుంది. గెలిచిన టోర్నీ మీద కూడా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు.

నరసింహప్పకు చెప్పాను. "తొందరపడొద్దమ్మా. వచ్చే యేడు ఏదో ఒకటి చూద్దాం ఆ పిల్లకు" అన్నాడు. నీకూ పోతాది, నాకూ పోతాది, పద్నాలుగుమందికీ పోతాది అన్నాడు. ఆయన చెప్పేది ఎప్పుడూ తప్పుగా ఉండదు, అదే ఆయనతో కష్టం.

సాయంత్రం దేవదాసుకు అంతా చెప్పాను. ప్రార్థన చేసుకో అంటాడని, అంటే పోట్లాడదామని ఎదురుచూశాను. ఆయన చేతిలో ఉన్న పరీక్ష పేపర్ల కట్ట పక్కన పెట్టి, "ఆనేకల్‌కి నేను కూడా రానా?" అన్నాడు.

"నేను వెళతానని ఎవరన్నారు?"

"వద్దులే అయితే" అని మళ్ళీ పేపర్లు తీసుకున్నాడు.

మే 28, గురువారం

వెళ్ళాను. పొద్దున పదింటికల్లా ఆనేకల్‌లో ఉన్నాను. లెటర్‌హెడ్ కాగితాలు రెండు సంచిలో పెట్టుకున్నాను. రాయడానికి కాదు, ఎందుకైనా మంచిదని.

వాళ్ళ వీధంతా మరమగ్గాల చప్పుడు. బాలమ్మ నన్ను చూసి చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది, చాప వేసింది, మజ్జిగ తెచ్చింది. ఓబులమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఎడమ పిక్క అప్పుడే కొంచెం సన్నబడింది. తొమ్మిది రోజులు వాడకపోతే అలాగే అవుతుంది.

"నీ కాలికి ఏమీ లేదు ఓబులమ్మా" అన్నాను.

"ఉండాదక్కా. నిన్న కూడా సలిపింది."

"లేదు. ఆ రోజు కూడా లేదు. నేను అబద్ధం చెప్పాను."

నవ్వింది. వాళ్ళమ్మ వైపు చూసింది. "నేను ఉద్యోగం పాయెనని బాధపడతాండానని అట్లా చెప్తాండారు. వద్దులే అక్కా. నా రాత."

నిజం చెబితే ఓదార్పు అనుకుంటోంది. అబద్ధాన్ని వైద్యం అనుకుంది. నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ముందు నా మీద నాకే రోత పుట్టింది. లేచి నిలబడమన్నాను. ఎడమకాలి మీద దూకమన్నాను. భయంగా వాళ్ళమ్మ భుజం పట్టుకుంది. చెయ్యి వదలమన్నాను. ఒకసారి దూకింది, మొహం ముడుచుకుంది. రెండు. మూడు. నాలుగోసారికి మొహం మామూలుగా అయింది. ఏడు, ఎనిమిది, మగ్గం చప్పుడుతో కలిసి దూకింది. పదికి ఆగలేదు. పద్నాలుగు దాకా దూకి, తనే ఆగింది.

చాప మీద కూర్చుని కాలు ముందుకు చాపింది. "మరి నొక్కితే నొప్పి ఎట్లొచ్చింది?"

నా కాలు ముందుకు చాపి, ఎక్కడ నొక్కాలో చూపించాను. తను బొటనవేలితో నొక్కింది. బంతిని ఎగిరి కొట్టే చేతులు అవి. నా కంట్లో నీళ్ళు తిరిగాయి. అయినా వెంటనే వదల్లేదు. బాలమ్మకు అప్పటికి అర్థమైంది. మజ్జిగ గ్లాసు నా ముందు నుంచి తీసి, లోపలికి పట్టుకుపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

"హరిణక్క కోసమా?"

"అవును."

"ఎవరు చెప్పమన్నారు?"

"అడిగింది కోచ్. చెప్పింది నేను."

ఆ పిల్ల నన్ను తిడుతుందని వచ్చాను. తిడితే బాగుండునని కూడా వచ్చాను. తిట్టలేదు. మోకాళ్ళు కౌగిలించుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది. నేనే మాట్లాడుతూ పోయాను. గుమాస్తా ఏం చెప్పాడో చెప్పాను. సాయంత్రంలోపు పత్రం ఇస్తే ట్రయల్స్‌కి రానిస్తారని, అది నేనే రాయాలని చెప్పాను. తర్వాత, అడక్కుండానే, ఆ పత్రం రాస్తే నాకు ఏమవుతుందో కూడా చెప్పాను. రెండు కాగితాలు, రిజిస్ట్రేషన్, క్లినిక్, పద్దెనిమిదేళ్ళు. ఫిర్యాదు దాకా పోతే జట్టుకు ఏమవుతుందో కూడా. అన్నీ వివరంగా చెప్పాను. ఆ పిల్లకు తెలియాలి కదా అనుకున్నాను.

సంచిలోంచి లెటర్‌హెడ్ తీసి చాప మీద పెట్టాను. పెట్టి ఆగాను.

ఎందుకు ఆగానో ఇప్పుడు రాస్తున్నాను, ఇక్కడ కూడా దాచితే ఇక ఎక్కడా చెప్పలేను. వద్దులే అక్కా అంటుందని ఆగాను. నోటిఫికేషన్ మళ్ళీ వస్తుంది, మీ బతుకు పోతుంది, వద్దు అంటుందని. అప్పుడు నేను కాసేపు బతిమాలి, ఏడ్చి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, బస్సెక్కి ఇంటికి వెళ్ళొచ్చని. వచ్చేటప్పుడు బస్సులో కూడా ఇదే అనుకుంటూ వచ్చాను. మంచిపిల్ల, తప్పకుండా అంటుంది.

అనలేదు. లేచి, కుంటకుండా లోపలికి వెళ్ళి, పెన్ను తెచ్చి, మూత తీసి నా చేతికిచ్చింది.

"ఇయ్యాలటి తేదీ వెయ్యండక్కా" అంది.